తల్లి భోజనము - పసిబిడ్డ అరుగుదల

పురిటి ఇంటిలో బిడ్డ ఆగకుండ ఏడ్చినచో విచారణ మొట్టమొదట తల్లి విస్తరిమీదికి పోవును. "నిన్న ఏమి తింటివమ్మా?" అని అత్తగారు అడుగుదురు. "వద్దన్నను పప్పు వేసికొంటివి గదా!" అని అమ్మమ్మ గుర్తు చేయును. బిడ్డ పాలు కక్కినను, విరేచనము పచ్చగా అయినను, కడుపు ఉబ్బరించినను, రాత్రి నిద్రపోకున్నను నేరము తల్లి నాలుకదే యగును. మరునాటినుండి ఆమె విస్తరిలో ఒక పదార్థము తగ్గును. బిడ్డ మరల ఏడ్చినచో మరియొకటి తగ్గును. ఇట్లు తగ్గి తగ్గి, కొన్ని ఇండ్లలో మూడు నాలుగు వారములు గడచునప్పటికి బాలింత విస్తరిలో అన్నము, కారప్పొడి, నేయి తప్ప వేరేమియు మిగులదు.

పాలిచ్చు తల్లి భోజనమునకును, బిడ్డ అరుగుదలకును నిజముగా సంబంధమున్నదా? ఉన్నచో ఎంతవరకు? ఏయే పదార్థములతో? ఈ ప్రశ్నలకు నేటి వైద్యశాస్త్రము చెప్పు సమాధానమును ఇచ్చట వివరింపదలచితిమి. సారాంశమును ముందుగానే చెప్పివేయుదుము. తల్లి తిన్న పదార్థమువలన బిడ్డ కడుపు చెడుట అరుదు. తల్లి తినకుండ మానిన పదార్థములవలన బిడ్డకు కలుగు లోటు అంతకంటె ఎక్కువగా భయపడవలసిన విషయము.

పెద్దల మాటను మేము పరిహసింపబోము. బాలింతకు పథ్యము పెట్టు ఆచారము వెనుక ప్రేమయు, జాగ్రత్తయు కలవు. పురిటిలో తల్లులును బిడ్డలును తరచుగా మరణించుచుండిన దినములలో ఆ జాగ్రత్త సహజమే. చరక సంహిత, కాశ్యప సంహిత వంటి ఆయుర్వేద గ్రంథములు సైతము స్తన్యదోషములను గూర్చి ప్రత్యేకముగా చర్చించినవి. తల్లి ఆరోగ్యము పాలద్వారా బిడ్డకు సంక్రమించునని మన పూర్వులు గ్రహించిరి. ఆ గ్రహింపు సరియైనదే. అయితే, తల్లి తిన్నవానిలో ఏది పాలలోనికి చేరును, ఏది చేరదు అను వివరము మాత్రము తరువాతి కాలమున పరిశోధనలవలన తెలియవచ్చినది.

పథ్యము ఇంటింటికిని మారును. ఒకరు వంకాయ కూడదందురు; మరియొకరు లేత వంకాయకు దోషము లేదందురు. ఒక ఇంట పెరుగు నిషిద్ధము. ప్రక్క ఇంట మజ్జిగ లేనిదే భోజనము ముగియదు. కోస్తా తీరమున పాలు పడుటకై బాలింతకు పాలసొర పిట్టు పెట్టు ఇండ్లు కలవు. నీచు వాసనయే కూడదను ఇండ్లును కలవు. వెల్లుల్లి పాలు పుట్టించునని మనవారు ప్రతి ముద్దతోడను పెట్టుచుండగా, పాశ్చాత్య దేశములలో అనేకులగు తల్లులు బిడ్డకు కడుపునొప్పి వచ్చునని ఆ వెల్లుల్లినే మానుచుందురు. ఒకే వస్తువు ఒకచోట ఔషధము, మరియొకచోట అపథ్యము అగుటనుబట్టి చూడగా, ఈ నిషేధములన్నియు బిడ్డ కడుపును పరీక్షించి చేసినవి కావని తెలియుచున్నది.

పాలు దేనినుండి తయారగును?

తల్లి తిన్న అన్నము కడుపులోనుండి తిన్నగా రొమ్ములోనికి దిగి పాలగునని చాలమంది భావింతురు. వాస్తవము వేరు. తిన్న ఆహారము మొదట తల్లి జీర్ణకోశముననే పూర్తిగా అరగవలెను. అచ్చట పిండిపదార్థములు చక్కెరలుగను, మాంసకృత్తులు అమైనో ఆమ్లములుగను, క్రొవ్వులు సూక్ష్మాంశములుగను విడిపోయి రక్తమున కలియును. స్తనములలోని పాలగ్రంథులు ఆ రక్తమునుండి తమకు కావలసిన ముడిసరకును ఏరి తెచ్చుకొని పాలను తయారు చేయును. అనగా పాలు పుట్టునది కడుపులోని కూరనుండి కాదు, రక్తమునుండి.

ఈ పాల కూర్పు ఆశ్చర్యకరమైన స్థిరత్వము గలది. చనుబాలలో నూటికి సుమారు 87 వంతులు నీరు. 100 మిల్లీలీటర్ల పాలలో సుమారు 7 గ్రాముల పాలచక్కెర, 4 గ్రాముల క్రొవ్వు, 1 గ్రాము మాంసకృత్తులు ఉండును. తల్లి బెల్లము తిన్నను, తినకున్నను ఆ పాలచక్కెర మోతాదు మారదు. ఆమె నేయి మానినను పాలలో క్రొవ్వు మోతాదు అంతగా మారదు. ఆ క్రొవ్వు ఏ రకమైనదన్నది మాత్రమే ఆమె తిను నూనెలు, చేపలు, గింజలనుబట్టి మారును. సున్నము, ఇనుము, జింకు వంటి ఖనిజములు తల్లి భోజనములో తగ్గినను పాలలో తగ్గవు. కాని బి1, బి2, బి6, బి12, ఏ, డి విటమినుల విషయము అట్లు కాదు. తల్లి వద్ద అవి లేనిచో పాలలోను లేవు. ఈ భేదమును పాఠకులు గుర్తుంచుకొన గోరుదుము. మున్ముందు దీనితో పని గలదు.

వాతము, పులుపు, చలువ

పప్పులు, చిక్కుడు, కాబేజి, పనస, దుంపకూరలు వాతము చేయునని బాలింతకు నిషేధింతురు. వీనిలోని పీచును, కొన్ని రకముల చక్కెరలును చిన్నప్రేగులలో అరుగక పెద్దప్రేగునకు చేరును. అచ్చటి సూక్ష్మజీవులు వానిని పులియబెట్టుటవలన వాయువు పుట్టును. అది తల్లికి కొంత బాధ కలిగించిన కలిగింపవచ్చును. కాని అది ఆమె పెద్దప్రేగులో జరుగు వ్యవహారము. అరుగని పీచు ప్రేగు గోడను దాటి రక్తములోనికి పోదు. రక్తములోనికి పోనిది పాలలోనికి రాదు. బిడ్డ పొట్టలోని గాలి చాలవరకు బిడ్డ మ్రింగినదే. రొమ్మును సరిగా పట్టనపుడును, ఆకలితో గ్రుక్కపట్టి ఏడ్చినపుడును పసివారు గాలిని మ్రింగుదురు. పాలు త్రాగిన పిమ్మట భుజముమీద వేసికొని వీపు నిమిరి త్రేన్పు రప్పించుటయే దానికి తగిన చికిత్స. తల్లి పప్పు మానుట కాదు.

ఇక పులుపు. చింతపండు చారు, నిమ్మకాయ, గోంగూర తిన్నచో పాలు పులియునని ఒక భయము. రక్తములోని ఆమ్లక్షారముల సమతూకమును ఊపిరితిత్తులును, మూత్రపిండములును అనుక్షణము కాపాడుచుండును. ఒక గిన్నెడు చారుచే అది చెదరునది కాదు. పాలు రక్తమునుండియే పుట్టును గనుక వానికిని పులుపెక్కదు.

పెరుగు, దోసకాయ, చల్లని నీరు తీసికొన్నచో బిడ్డకు జలుబు చేయునని మరియొక నమ్మకము. తల్లి ఎంత చల్లని నీరు త్రాగినను రొమ్మునుండి వచ్చు పాలు ఆమె శరీరపు వేడిమితోనే వచ్చును. జలుబు వైరసుల మూలమున వచ్చును. దానిని బిడ్డకు అంటించునది పెరుగు కాదు, దగ్గుచు తుమ్ముచు బిడ్డను ముద్దాడు చుట్టము.

రుచులును, వాసనలును మాత్రము కొంతవరకు పాలలోనికి చేరును. 1991లో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున మోనెల్ పరిశోధన కేంద్రమునకు చెందిన మెనెల్లా, బోషాంప్ అను శాస్త్రజ్ఞులు దీనిని పరీక్షించిరి. పాలిచ్చు తల్లులకు వెల్లుల్లి గుళికలు ఇచ్చి చూడగా, సుమారు రెండు గంటలకు పాలలో ఆ వాసన హెచ్చినది. బిడ్డలు ముఖము త్రిప్పుకొనలేదు. పైపెచ్చు రొమ్మును మరింతసేపు పట్టిరి. అదే కేంద్రమువారు 2001లో ప్రకటించిన మరియొక పరిశోధనలో, గర్భిణిగానో బాలింతగానో తల్లి క్యారెట్ రసము త్రాగియున్నచో, ఆ బిడ్డ తరువాత క్యారెట్ కలిపిన ఆహారమును మరింత సుముఖముగా తినుట కనబడినది. తల్లి నానావిధములైన వంటకములు తినుట బిడ్డకు హాని కాదు సరిగదా, ఆ ఇంటి రుచులను గూర్చిన తొలి పాఠము.

ఎదుటి పక్షము మాటను కూడ చెప్పవలెను. 1996లో అమెరికాలో తల్లులను ప్రశ్నించి చేసిన ఒక పరిశీలనలో కాబేజి, కాలీఫ్లవరు, ఉల్లిపాయ, ఆవుపాలు, చాక్లెట్ తీసికొను తల్లుల బిడ్డలలో కడుపునొప్పి లక్షణములు కొంత హెచ్చుగా కనబడినవి. అయితే అది తల్లుల జ్ఞాపకముమీద ఆధారపడిన లెక్క. ఏ కూరమీద అనుమానమున్నదో ఆ కూరనే మనము ఎక్కువగా గుర్తుంచుకొందుము. అంతటితో కారణము ఋజువైనదని చెప్పుటకు వీలులేదు.

పసికడుపు సహజ లక్షణములు

బిడ్డ అరుగుదల చెడినదని భయపడుటకు ముందు, చెడని అరుగుదల ఎట్లుండునో తెలిసికొనవలెను. పుట్టిన మొదటి రెండు మూడు దినములలో విరేచనము నల్లగా జిగటగా ఉండును. పాలు పడిన కొలది అది పచ్చనై, ఐదవ దినము నాటికి పసుపు వన్నెకు తిరిగి ఆవపిండి కలిపినట్లు నీళ్లనీళ్లగా వచ్చును. మొదటి వారములలో చనుబాలు త్రాగు బిడ్డకు దినమునకు ఆరు మొదలు పది మార్లు విరేచనమైనను అది అతిసారము కాదు. ఆరు వారములు దాటిన పిమ్మట అదే బిడ్డకు నాలుగైదు దినములు, ఒక్కొక్కప్పుడు వారము దినములు విరేచనము కాకపోవచ్చును. వచ్చినపుడు మెత్తగా వచ్చినచో, బిడ్డ హుషారుగా ఉన్నచో అది మలబద్ధకము కాదు. అప్పుడప్పుడు పచ్చని విరేచనమగుటయు రోగము కాదు. పాలు త్రాగిన వెంటనే పెదవి చివరనుండి కొంచెము కక్కుట చాలమంది బిడ్డలకు కలదు. అన్నాశయము పైకవాటము ఇంకను గట్టిపడకపోవుటయే దానికి కారణము. సంవత్సరము నిండునప్పటికి అది తనంతట పోవును.

ఏడ్పును గూర్చియు ఒక లెక్క కలదు. 1962లో బ్రెజల్టన్ అను అమెరికన్ శిశువైద్యుడు ఆరోగ్యవంతులగు బిడ్డల ఏడ్పును తల్లులచే వ్రాయించి ప్రకటించెను. ఆరవ వారమున ఏడ్పు శిఖరమునకు చేరి, దినమునకు సుమారు 2 గంటల 45 నిమిషములైనది. మూడు మాసములు నిండునప్పటికి బాగుగా తగ్గినది. సాయంకాల సమయములలో కాళ్లు ముడుచుకొని, ముఖము ఎఱ్ఱబారునట్లు బిడ్డ ఏడ్చుట ఈ వయస్సునందే ఎక్కువ. ఇందులో ఒక చిక్కు కలదు. ఏడ్పు ముదిరిన కొలది తల్లి ఒక్కొక్క కూరనే మానుచు వచ్చును. మూడవ మాసమున ఏడ్పు తనంతట తగ్గును. అప్పుడు చిట్టచివర మానిన కూరయే దోషియని ఇంటిల్లిపాదియు నిశ్చయింతురు. తరువాతి కాన్పునకు ఆ కూర మొదటి దినమునుండియే నిషిద్ధమగును. ఈ విధముగానే పథ్యముల పట్టిక తరతరమునకు పెరుగుచు వచ్చినది.

నిజముగా బిడ్డకు చేరునవి

పాలవెంట బిడ్డకు చేరి బాధ కలిగింపగల పదార్థములు కొన్ని నిజముగా కలవు. వానిలో మొదటిది మన ఇండ్లలో ఎవరును అనుమానింపని వస్తువు: పశువుల పాలు. తల్లి త్రాగిన ఆవుపాలలోని మాంసకృత్తులు అతిస్వల్పమైన మోతాదులో అరుగకయే రక్తమున చేరి చనుబాలలోనికి వచ్చును. ఏ కొద్దిమంది బిడ్డలకో అవి సరిపడవు. 1978లో స్వీడన్ దేశపు వైద్యులు జాకబ్సన్, లిండ్‌బర్గ్ ఈ సంబంధమును బయటపెట్టిరి. చనుబాలు మాత్రమే త్రాగు బిడ్డలలో ఇది సుమారు 200 మందికి ఒకరి చొప్పున కనబడును. విరేచనములో జిగట, నెత్తుటి చారలు, ఒంటిమీద గజ్జివంటి దద్దురు, విడువని వాంతులు, బరువు పెరుగకపోవుట దీని లక్షణములు. కేవలము ఏడ్పు మాత్రమే దీనికి గుర్తు కాదు.

ఇట్టి అనుమానము కలిగినచో వైద్యుని సలహాతో తల్లి రెండు మొదలు నాలుగు వారములవరకు పాలు, పెరుగు, మజ్జిగ, వెన్న, పాలకోవ మానవలెను. గేదెపాలలోని మాంసకృత్తులును ఇంచుమించు ఇట్టివే గనుక ఆవుపాలకు బదులు గేదెపాలు వాడుట ప్రయోజనము లేదు. లక్షణములు తగ్గిన పిమ్మట మరల పాలు త్రాగి చూడవలెను. లక్షణములు తిరిగి వచ్చిననే దోషము ఋజువైనట్లు. తిరిగి రానిచో పాలను నిర్దోషిగా విడిచిపెట్టవలెను. ఈ రెండవ మెట్టు ముఖ్యమైనది. మన ఇండ్లలో జరుగనిదియు ఇదియే. ఋజువైనచో తల్లికి సున్నము, బి12 వేరుమార్గమున అందునట్లు చూడవలెను. చనుబాలు మాత్రము మాన్పరాదు.

రెండవది కాఫీ. అందులోని కెఫీన్ పెద్దల శరీరమున సుమారు ఐదు గంటలలో సగమగును. నెలలోపు బిడ్డకు అట్లు సగమగుటకు మూడు నాలుగు దినములు పట్టును. కావున తల్లి పలుమార్లు త్రాగు చిక్కని కాఫీ బిడ్డలో కూడుకొని నిద్ర చెరచును. కాఫీ, టీలు కలిపి దినమునకు రెండు చిన్న కప్పులకు మించకుండినచో భయము లేదు.

మూడవది పొగాకు. ఉత్తరాంధ్ర పల్లెలలో నిప్పున్న కొనను నోటిలో ఉంచుకొని అడ్డపొగ త్రాగు స్త్రీలను చూచుచున్నాము. చుట్ట, బీడీ, జర్దాకిళ్లీ ఏ రూపమున తీసికొన్నను నికొటిన్ పాలలోనికి వచ్చును. మద్యము రక్తములో ఎంత గాఢముగా ఉండునో పాలలోను ఇంచుమించు అంతే గాఢముగా ఉండును. బాలింతకు బలమని పోయు బ్రాందీకిని, కల్లునకును ఈ మాట వర్తించును. మందులలో పెక్కింటివలన హాని లేదు గాని, వైద్యునకు పాలిచ్చుచున్న సంగతి చెప్పి వ్రాయించుకొనుట మేలు. శొంఠి, మిరియములు, పిప్పళ్లు, బెల్లముతో ఇంట చేసిన కాయము మితముగా తీసికొన్నచో దోషము లేదు. ఏమి కలిపినారో తెలియని భస్మములు మాత్రము వలదు.

విస్తరిలో లేనిది చేయు హాని

ఇక మేము ముందు సూచించిన ముఖ్య విషయమునకు వత్తుము. ఈ విషయమున మన ఆంధ్ర తీరమునకు ఒక చేదు చరిత్ర కలదు. ఇరువదవ శతాబ్ది పూర్వార్ధమున ఉత్తర సర్కారు జిల్లాలలో బెరిబెరి వ్యాధి తిష్ఠవేసికొని యుండెను. వడ్లను ఉడికింపకుండ మరపట్టించి తెల్లగా చేసిన బియ్యము దీనికి కారణము. తవుడుతోపాటు బి1 విటమిను, అనగా థయమిన్, వెడలిపోవును. దక్షిణమున తమిళ దేశమున ఉప్పుడు బియ్యము వాడుక ఎక్కువ. వడ్లను ఉడికించునపుడు పై పొరలలోని థయమిన్ గింజలోనికి ఇంకును గనుక అచ్చట ఈ వ్యాధి అరుదు. బెరిబెరిని పరిశోధించుటకే 1918లో కూనూరున మెకారిసన్ ఆధ్వర్యమున ఒక చిన్న శాఖ వెలసినది. అదియే పెరిగి 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అను పేరు దాల్చినది.

బెరిబెరి పెద్దలనే కాదు, పాలుత్రాగు బిడ్డలను సైతము బలిగొనును. తల్లిలో థయమిన్ కొరవడినచో పాలలోను కొరవడును. జపాను వైద్యుడు హిరోటా 1898లోనే దీనిని వర్ణించెను. మద్రాసు రాజధానిలోని బెరిబెరి ప్రాంతమున శిశుమరణములను గూర్చి ఐక్రాయిడ్, కృష్ణన్ అను పరిశోధకులు 1941లో ఒక పరిశీలన ప్రకటించిరి. ఈ వ్యాధి క్రూరత్వమంతయు దాని రూపమునందు కలదు. తల్లికి అరికాళ్ల తిమ్మిరులు తప్ప చెప్పుకొనదగిన బాధ ఉండకపోవచ్చును. బిడ్డ రెండు మూడు మాసములవరకు బొద్దుగా కనబడును. అంతలో పాలు మానును, వాంతి చేసికొనును, ఊరక ఏడ్చును. క్రమముగా ఆ ఏడ్పు బొంగురుపోవును. నోరు తెరచినను ధ్వని రాదు. ఆయాసము మొదలై గుండె దెబ్బతిని కొలది గంటలలో ప్రాణము పోవచ్చును. సకాలమున థయమిన్ సూది వేసినచో అదే బిడ్డ గంటలలో తేరుకొనును.

ఇట్టి బిడ్డ వాంతి చేసికొనుట చూచి ఇంటివారు ఏమి చేయుదురో ఆలోచింపుడు. బిడ్డకు అరుగలేదని తల్లి పథ్యమును ఇంకను బిగింతురు. పప్పులోను, గింజలలోను, ఆకుకూరలలోను ఉన్న కొద్దిపాటి థయమిన్ కూడ ఆమె విస్తరినుండి తొలగిపోవును. ఏ ఔషధము బిడ్డను బ్రతికించునో దానినే బిడ్డ మేలుకోరి దూరము చేసినట్లగును. ఇది గతించిన కథ కాదు. లావోస్ దేశమునను, మన కాశ్మీరమునను, పాలిష్ బియ్యపు అన్నముతో కఠిన పథ్యము చేయు బాలింతల బిడ్డలలో ఈ వ్యాధిని వైద్యులు ఈ శతాబ్దమునందు సైతము చూచిరి. నేడు మన ఇండ్లలో వాడునది పాలిష్ పట్టిన తెల్లని బియ్యమే. మనలను కాపాడుచున్నది అన్నము కాదు, అన్నముతోపాటు తిను పప్పు, కూర, పెరుగు, గ్రుడ్డు. పథ్యము పేర వానిని తీసివేసినచో ఆ రక్షణ పోవును.

బి12 విటమిను కథయు ఇట్టిదే. 1962లో వెల్లూరు వైద్యులు, బి12 లోపించిన తల్లుల పాలతో పెరిగిన బిడ్డలలో ఒక వ్యాధిని వర్ణించిరి. ఆ బిడ్డలకు రక్తహీనత కలుగును, చర్మము నల్లబారును, హుషారు తగ్గును, నేర్చిన చేష్టలు మరపునకు వచ్చును. బి12 పాలు, పెరుగు, గ్రుడ్లు, చేపలు, మాంసములలో తప్ప కూరగాయలలో దొరకదు. శాకాహారియగు బాలింతకు పెరుగు కూడదన్నచో మిగిలిన ఒక్క ద్వారమును మూసివేసినట్లే.

సున్నము, ఇనుముల సంగతి వేరు. అవి కొరవడినను పాలలో తగ్గవని ముందు చెప్పితిమి. తల్లి తన ఎముకలనుండియు, నెత్తురునుండియు వానిని తీసి బిడ్డకిచ్చును. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో రక్తహీనత గలవారు ఆంధ్రప్రదేశమున నూటికి 58.8, తెలంగాణమున నూటికి 57.6 మంది. అట్టి తల్లిని పథ్యము పేర పస్తుంచుట న్యాయమా?

ఏమి పెట్టవలెను?

పాలిచ్చు తల్లికి మొదటి ఆరు మాసములలో మామూలుకంటె దినమునకు 600 కాలరీలు, తరువాతి ఆరు మాసములలో 520 కాలరీలు అదనముగా కావలెనని 2020 నాటి భారత వైద్య పరిశోధన మండలి నిర్ణయము. ఇది గ్రంథపు లెక్కగా భయపెట్టును గాని, వంటింటి లెక్కలో సులభమే. 100 గ్రాముల బియ్యపు అన్నము, 30 గ్రాముల పప్పు, ఒక గ్లాసెడు పాలు, అనగా మరియొక చిన్న పూట భోజనము. తోటకూర, మునగాకు, బచ్చలి వంటి ఆకుకూర దినమునకొకటి. ఏదేని ఒక పండు. తినువారికి గ్రుడ్డో, చేపయో. తిననివారికి పెరుగు, వేరుసెనగలు, నువ్వులు. వారములో కొన్ని పూటలు జొన్న రొట్టెయో, రాగి సంకటియో. తెల్లని బియ్యమునకు బదులు దంపుడు బియ్యమో, ఉప్పుడు బియ్యమో దొరకినచో మరియు మంచిది. బియ్యమును పలుమార్లు కడుగరాదు. గంజి వార్చక అత్తెసరు పెట్టవలెను. వార్చిన గంజితో థయమిన్ తూములో కలియును.

నీరు ఎక్కువ త్రాగినచో పొట్ట పెరుగునని బాలింతకు కొలిచి పోయుదురు. ఇది తగదు. దినమునకు ముప్పాతిక లీటరు పాలు ఇచ్చు శరీరమునకు ఆ నీరు ఎచ్చటినుండి వచ్చును? దాహమైనపుడెల్ల త్రాగవలెను. నీరును, పీచును తగ్గినచో తల్లికి మలబద్ధకము, దానివెంట మూలబాధ తప్పవు.

పేద ఇండ్ల తల్లులు అంగన్‌వాడీని ఉపయోగించుకొనవలెను. 2013 నాటి ఆహార భద్రతా చట్టము ప్రకారము కాన్పు తరువాత ఆరు మాసములవరకు అచ్చట తల్లికి ఉచితముగా భోజనము ఈయవలెను. "పథ్యములో ఉన్నది" అని కోడలిని ఆ భోజనమునకు పంపకుండుట తెలిసి చేయు నష్టము.

ఎప్పుడు వైద్యుని చూడవలెను?

బిడ్డ వాంతి ఆకుపచ్చగా వచ్చినను, చిమ్మినట్లు దూరముగా పడినను, విరేచనములో నెత్తురు కనబడినను, పొట్ట బిగిసినను, ఏడ్పు బొంగురుపోయినను, పాలు పట్టుట మానినను, వడలి మందముగా పడియున్నను, జ్వరము వచ్చినను, దినమునకు ఆరు మార్లకంటె తక్కువ మూత్రము పోసినను, బరువు పెరుగకున్నను ఆలస్యము చేయరాదు. అట్టి వేళ తల్లి భోజనమును విచారించుచు కూర్చుండుట కాలయాపనమే. నీళ్ల విరేచనములు పట్టుకొన్నను చనుబాలు ఆపరాదు. మరింత తరచుగా ఈయవలెను.

అరుగుదలకని పసిబిడ్డకు వస రంగరించి నాకించుట, ఆముదము పోయుట మంచిది కాదు. వస అధికమైనచో విషలక్షణములు కలుగును. ఆముదము పొరబాటున ఊపిరితిత్తులలోనికి పోయినచో ప్రమాదము. ఆరు మాసములు నిండువరకు బిడ్డ నోటికి చనుబాలును, వైద్యుడు చెప్పిన మందును తప్ప మరేమియు అక్కరలేదు.

ఇంటి పెద్దలకు మా విన్నపము ఒక్కటి. బాలింతను కనిపెట్టి యుండు మీ అలవాటును మానవలదు. కనిపెట్టు విధమును మాత్రము మార్చుకొనుడు. ఆమె ఏమి తినినదని కాక, ఏమి తినలేదని అడుగుడు. నేడు పప్పు తినినదా, ఆకుకూర అందినదా, పెరుగు వేసికొన్నదా, దాహమునకు నీరున్నదా అని విచారింపుడు. ఏదేని ఒక పదార్థముమీద నిజముగా అనుమానము కలిగినచో, ఒక్కదానినే, కొలది దినములు మాత్రమే మాన్పించి, మరల పెట్టి చూడుడు. దోషము ఋజువు కానిచో ఆ పదార్థమును తిరిగి ఆమె విస్తరిలో వడ్డింపుడు.